వేలామిక దానము: విజయపురి శాసనములలో నొక పదము

స్మృతి యన్న శబ్దము వినబడినంతనే ధర్మశాస్త్రజ్ఞులకు మను యాజ్ఞవల్క్యుల గ్రంథములును, తార్కికులకు సంస్కారమువలన గలుగు జ్ఞానమును తలపునకు వచ్చును. బౌద్ధు లీ శబ్దమునే మఱియొక యర్థమున వాడిరి. పాళిభాషలో 'సతి' యనబడు నీ స్మృతి గడచినదానిని తలచుకొనుట మాత్రమే కాదు. చేతిలోనున్న పనిని, ఎదుటనున్న మనుష్యుని, లోపల పుట్టుచున్న భావమును మనస్సు జాఱవిడువకుండుట. వసుబంధుడు తన యభిధర్మకోశభాష్యమున స్మృతిని నిర్వచించుచు 'అసంప్రమోష' శబ్దమును గ్రహించెను. పతంజలి యోగసూత్రములలోని స్మృతిలక్షణమునందును నీ శబ్దమే కలదు. దొంగిలింపబడకుండుట యని దాని యవయవార్థము. అనుభవించిన విషయము దొంగిలింపబడకుండుట యోగశాస్త్రమున స్మృతి. మనస్సు పట్టుకొనియున్న యాలంబనము దొంగిలింపబడకుండుట బౌద్ధశాస్త్రమున స్మృతి.

ఈ స్మృతికి విరుద్ధమైన స్థితిని సంస్కృతమున ప్రమాదమందురు. తెలుగున దానికి 'ఏమఱుపాటు' అను చక్కని మాట యున్నది. 'పరాకు' అను మాట యంతకంటెను విచిత్రమైనది. పరాకున నుండుట యన్నచో ననవధానము; రాజసభలలో వేత్రధారులు పరాకు చెప్పుటయో, సభవా రవధానముతో నుండవలయునని. రోగమునకును మందునకును నొకటే పేరైనది. భాషలో నిట్టి మాటలు పుట్టుటకు జనులు నిత్యవ్యవహారమున నీ రెండు స్థితులను గుర్తించి, వాని భేదమును లక్ష్యపెట్టి యుండవలయును.

అట్లయ్యును, బౌద్ధమున స్మృతి యరణ్యవాసులైన భిక్షువుల సొత్తనియు, గృహస్థులకు దానశీలములు మాత్రమే విధింపబడిన వనియు నొక యభిప్రాయము తఱచుగా గానవచ్చును. భిక్షువు ధ్యానించును, గృహస్థుడు పెట్టును. మొదటివానిది నిర్వాణము, రెండవవానిది పుణ్యము. కృష్ణాతీరమున వెలసిన స్తూపములను, వాని స్తంభములమీద చెక్కబడిన దాతల నామములను చూచినవా రీ విభాగము నిజమని తలచుట సహజము. ఆ శిలలమీద నెవరెవరు స్తంభములు నిలిపిరో, ఎవరి క్షేమముకొఱకు నిలిపిరో యున్నది గాని ధ్యానప్రసక్తి యున్నట్లు పైకి గానరాదు. ఐన నా స్తంభములమీదనే యున్న యొక పద మీ విభాగమును మఱల విమర్శింప జేయుచున్నది. ఆ పదము 'వేలామిక'.

పల్నాటిసీమలో కృష్ణానది కుడిగట్టున, మూడువైపుల కొండలు చుట్టిన లోయలో నాగార్జునకొండ శిథిలములు 1926లో నొక పాఠశాలోపాధ్యాయు డిచ్చిన సమాచారమువలన పురాతత్త్వశాఖ దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర యచట త్రవ్వకములు జరిపించెను. అపుడు దొరకిన ప్రాకృతశాసనములను హాలండుదేశపు పండితుడైన వోగెల్ 'ఎపిగ్రాఫియా ఇండికా' 20వ సంపుటమున ప్రకటించెను. ఆ లోయయే క్రీ. శ. 3వ శతాబ్దిలో నిక్ష్వాకురాజుల రాజధానియైన విజయపురి.

ఇక్ష్వాకువంశమున మొదటి రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. ఈతడు మహాసేనుని భక్తుడు. అగ్నిహోత్ర, వాజపేయ, అశ్వమేధాది క్రతువులు చేసినవాడు. ఈతని సోదరి చాంతిసిరి, సంస్కృతమున శాంతిశ్రీ. ఈమె పూకీయవంశజుడైన మహాతలవర స్కందశ్రీకి భార్య. చాంతమూలుని కుమారుడగు వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున నీమె మహాచైత్యమునొద్ద స్తంభములు నిలిపెను. ఆ శాసనములు మొదట సోదరుని వైదికక్రతువులను కీర్తించి, పిదప నీమె బౌద్ధదానమును చెప్పుచున్నవి. ఒకే కుటుంబమున యజ్ఞవేదికయు చైత్యమును బక్కబక్కన నుండిన కాలమది. శ్రమణులకును, బ్రాహ్మణులకును, కృపణులకును, యాచకులకును, దీనులకును ననుగ్రహముతో నెడతెగని ధారగా దానము చేయునట్టిదని యీమెకు విశేషణము చేర్చబడినది. ఆ దానమునకు శాసనకర్త పెట్టిన పేరు 'వేలామిక' దానము. వేలాముని దానమువంటి దానమని దాని యర్థము.

ఎవ రీ వేలాముడు? శాసనమున వివరణ లేదు. అనగా నాటి చదువరులకు వివరణ యక్కఱలేకుండెనన్నమాట. నేటివారు మాత్ర మీ పదమును చూచి, కర్ణుడో శిబియో వంటి యొక మహాదాతతో పోల్చిన యతిశయోక్తియని తలచి ముందునకు సాగుదురు. అచటనే పొరపాటు జరుగుచున్నది. కర్ణునితో పోల్చుటకును వేలామునితో పోల్చుటకును భేదమున్నది. కర్ణుని కథ దానముయొక్క మహత్త్వమును చెప్పును. వేలాముని కథ దానముయొక్క హద్దును చెప్పును.

ఆ కథ పాళిలో నంగుత్తరనికాయమునందలి నవకనిపాతమున నున్నది. శ్రావస్తిలో జేతవనమునందున్న బుద్ధునియొద్దకు గృహపతియైన యనాథపిండికుడు వచ్చును. నీ యింట దానము జరుగుచున్నదా యని బుద్ధు డడుగును. జరుగుచున్నది గాని నూకలగంజియు, దానికి తోడు పుల్లని కలియు మాత్రమే యని యాత డుత్తరమిచ్చును. బుద్ధుడు పెట్టినది ముతకదా, శ్రేష్ఠమైనదా యను విచారమును పక్కకు దొలగించి, ఎట్లు పెట్టబడినదను విచారమును ముందు నిలుపును. ఆదరము లేక, మనస్సు పెట్టక, తన చేతితో గాక, పాఱవేయునట్లు, దీనికి ఫలమున్నదను తలంపు లేక యిచ్చినచో, ఆ దాత కెచట నా ఫలము కలిగినను మంచి భోజనముమీదగాని మంచి వస్త్రముమీదగాని వాని మనస్సు నిలువదనియు, వాని బిడ్డలును భార్యయు సేవకులును వాని మాటకు చెవియొగ్గ రనియు చెప్పును. ఎట్లు ఇచ్చెనో యట్లే పొందును. పరాకుగా పెట్టినవానికి లోకము పరాకుగానే యుండును. నూకలగంజియైనను నాదరముతో, మనస్సు పెట్టి, స్వహస్తముతో నిచ్చినచో ఫలము వేఱు.

పాళిమూలమున నిచట 'చిత్తీకత్వా' యను మాట యున్నది. వ్యాఖ్యాతలు గౌరవపూర్వకముగా నని యర్థము చెప్పినను, ధాతువును బట్టి చూడగా చిత్తమును చేర్చి యని తోచును. తెలుగువారు 'మనస్సు పెట్టి' యని యనుట యిదియే. మన భాషలో అన్నము పెట్టుటకును మనస్సు పెట్టుటకును నొకటే క్రియ యుండుట యాదృచ్ఛికమైనను, సూత్రార్థమును బాలురకు బోధించుటకు మిక్కిలి యనుకూలము.

పిదప బుద్ధుడు వేలాముడను పూర్వకాలపు బ్రాహ్మణుని మహాదానమును వర్ణించును. వెండి నింపిన బంగారుపాత్రలు 84,000. బంగారము నింపిన వెండిపాత్రలు 84,000. అట్లే ఏనుగులు, రథములు, గోవులు, కన్యలు, శయ్యలు, వస్త్రములు. అన్నపానములు నదులవలె ప్రవహించెనట. ఆ వేలాముడు తానే యని బుద్ధుడు చెప్పును. అటుపిమ్మట నొక సోపానము మొదలగును. వేలాముని దానముకంటె సమ్యగ్దృష్టి గల యొక్క మనుష్యునికి పెట్టిన భోజనము గొప్పది. దానికంటె పై మెట్టున నున్న యార్యపుద్గలునకు పెట్టినది, దానికంటె నర్హంతునకు, అట్లు క్రమముగా బుద్ధప్రముఖమైన సంఘమునకు పెట్టిన భోజనము. దానికంటెను నలుదిక్కుల సంఘముకొఱకు విహారము కట్టించుట గొప్పది. దానికంటె ప్రసన్నచిత్తముతో త్రిశరణము పొందుట. దానికంటె పంచశీలములు గ్రహించుట. వీని యన్నిటికంటె నొక్క స్వల్పక్షణము మైత్రిని భావించుట గొప్పది. ఆ క్షణమెంత యన్నచో, ఆవుపొదుగు నొకమాఱు పిదుకునంతసేపని కొందఱును, సుగంధము నొకమాఱు మూర్కొనునంతసేపని కొందఱును వ్యాఖ్యానించిరి. ఈ మైత్రికంటెను గొప్పది, చిటిక వేయునంతసేపు సంస్కారము లనిత్యములని యెఱుకతో నుండుట.

ఈ సూత్రమును చదివినపిమ్మట మహాచైత్యస్తంభముమీది 'వేలామిక' పదము పూర్వమువలె నుండదు. వేలాముని పేరు తలచుకొన్నవానికి 84,000 పాత్రలు తలపునకు రాక మానవు. వానితోబాటు ఆ పాత్రలు సోపానమున నడుగుమెట్టునకు జేరిన సంగతియు రాక మానదు. ఇంకొక విశేషమున్నది. ఈ పదము చెక్కబడిన స్థలము విహారములతో నిండిన లోయ. విహారనిర్మాణ మన్నదానముకంటె మీదిమెట్టైనను, చిటికపాటి యెఱుకకు క్రిందిమెట్టే యని చెప్పు సూత్రములోని మాటను విహారము కట్టించినవారి కుటుంబమే తమ ప్రశస్తికి గ్రహించినది.

ప్రశస్తిలోని పదమునుబట్టి యింత చెప్పవచ్చునా యని యాక్షేపణ కలుగవచ్చును. శాసనకవులు బిరుదములను వాడుకను బట్టి కూర్తురు. వారందఱును మూలగ్రంథము లెఱిగియే వాడిరని నమ్మనక్కఱలేదు. ఈ యాక్షేపణము బలమైనదే. దీనికి సమాధానము శాసనములలోనే కలదు. మహాచైత్యపు నవకర్మను, అనగా నిర్మాణపు పనిని, నడపినవాడు ఆనందుడను భదంతుడు. ఈతడు దీఘ మజ్ఝిమనికాయములను ధారణచేసినవాడనియు, దీఘ మజ్ఝిమములను పంచమాతుకలను బోధించు నాచార్యులకు శిష్యుడనియు స్తంభములమీద చెక్కబడినది. రాళ్లు మోయించి, శిల్పులకు పనులు నిర్ణయించి, కట్టడమును పూర్తిచేయించినవాడు సూత్రపిటకమును నోటనుంచుకొన్న పండితుడు. అట్టివాని పర్యవేక్షణమున వెలసిన కట్టడముమీద వేలాముని పేరు తెలియక పడినదనుట కష్టము.

వేలామసూత్రము పాళిలో నంగుత్తరమున నున్నది గదా, ఆనందుడు పఠించినది దీఘమజ్ఝిమములు గదా యని మరల నడుగవచ్చును. సూత్రముల యమరిక నికాయభేదమును బట్టి మాఱినది. క్రీ. శ. 397-398లో చీనాభాషకు పరివర్తితమైన మధ్యమాగమమున నీ వేలామకథయే 155వ సూత్రముగా నున్నది. అచట మైత్రీక్షణమునకు గోదోహనకాలమే ప్రమాణముగా చెప్పబడినది. కావున నొక సంప్రదాయమున నంగుత్తరమున జేరిన కథ మఱియొక సంప్రదాయమున మధ్యమమున జేరినది. మహాచైత్యమునందు నివసించిన యపరమహావినసేలియుల సూత్రపిటకము నేడు మిగిలిలేదు; ఐనను వేలామకథ యనేకసంప్రదాయములకు సామాన్యమైన పాతసొత్తని యీ రెండు పాఠములవలననే తెలియుచున్నది.

ఆనందుడు పఠించిన రెండు నికాయములకు మఱియొక ప్రాముఖ్యము కలదు. పాళిలో స్మృత్యుపస్థానమును బోధించు ప్రధానసూత్రములు రెండును వీనియందే యున్నవి: దీఘమున 22వది, మజ్ఝిమమున 10వది. కాయము, వేదన, చిత్తము, ధర్మములు అను నాలుగింటియందు స్మృతిని నిలుపుట వీని విషయము. వీనిలో చెప్పబడిన యభ్యాసము గుహలో కన్నులు మూసికొని చేయునది మాత్రమే కాదు. నడచునపుడు నడచుచున్నానని యెఱుగుట. చేయి చాచునపుడును ముడుచునపుడును, తినునపుడును త్రాగునపుడును, మాటాడునపుడును మౌనముగా నుండునపుడును నెఱుకతో నుండుట. ఇందులో గృహస్థునకు దొరకని పని యొక్కటియు లేదు.

ఈ సూత్రములు కురుదేశమున కమ్మాసధమ్మమను నిగమమున చెప్పబడినవి. ఆ దేశముననే యేల చెప్పబడెనని ప్రశ్నించుకొని వ్యాఖ్యాతలొక సంగతి వ్రాసిరి. అచట భిక్షువులే గాక యుపాసకులు నుపాసికలును, దాసులును పనివారును గూడ స్మృత్యుపస్థానమును గుఱించియే మాటాడుకొను వారట. నీళ్ల రేవులలోను, నూలు వడుకుచోటులలోను పనికిమాలిన మాటలు లేవట. అమ్మా, నీ వే స్మృత్యుపస్థానమును మనస్సున నుంచుకొంటివని యొక స్త్రీ నడిగినపుడు ఏదియు లేదన్నచో మందలించి నేర్పుదురట. ఫలానాదియని చెప్పినచో మెచ్చుకొందురట. ఇది చరిత్రకాక యాదర్శమే యగుగాక. స్మృతి భిక్షువుల సొత్తను విభాగము ప్రాచీనవ్యాఖ్యాతల మనస్సున లేదనుట కీ యాదర్శమే చాలిన సాక్ష్యము.

స్మృతికిని కరుణకును సంబంధమేమి? తన్ను తాను కనిపెట్టుకొని యుండువాడు పరుల నెట్లు కనిపెట్టును? సంయుత్తనికాయమున దీనికొక దృష్టాంతము కలదు. తెలుగునాట దొమ్మరాట యని ప్రసిద్ధమైన గడయాట వంటిదే యిందలి యాట. గురువు గడ నిలిపి శిష్యుని పైకెక్కుమనును. నన్ను నీవు కాపాడుము, నిన్ను నేను కాపాడుదును. అట్లయిన నిరువురమును క్షేమముగా దిగుదుమని గురువు చెప్పును. అట్లు కాదు, నిన్ను నీవు కాపాడుకొనుము, నన్ను నేను కాపాడుకొందునని శిష్యు డనును. శిష్యుని మాటయే యుక్తమని బుద్ధుడు చెప్పి, దానిని రెండువైపుల విస్తరించును. స్మృతి నభ్యసించి తన్ను కాపాడుకొనువాడు పరులను కాపాడును. క్షమతో, అహింసతో, మైత్రితో, దయతో పరులను కాపాడువాడు తన్ను కాపాడుకొనును. గడమీద నున్నవాడు తన యడుగును మఱచినచో క్రింద నున్నవాని భుజము విఱుగును. గడయాట చూచిన బాలునకు గూడ నీ యర్థము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ యుపదేశము సూత్రములలోనే నిలిచిపోయెనా, ఆంధ్రదేశపు గృహస్థుల చెవికి సోకెనా? ఇక్ష్వాకులకు ముందు కృష్ణాతీరము నేలిన శాతవాహనుల కాలమునకు బోయినచో నిందు కాధారము దొరకును. ఆచార్య నాగార్జునుడు తన మిత్రుడైన రాజునకు వ్రాసిన 'సుహృల్లేఖ' సంస్కృతమూలము నశించినది; టిబెట్టు పరివర్తనమును, చీనాభాషలో గుణవర్మ, సంఘవర్మ, ఇత్సింగు చేసిన మూడు పరివర్తనములును మిగిలినవి. ఇత్సింగు క్రీ. శ. 671లో చీనానుండి బయలుదేరి 695లో తిరిగిపోయెను. ఈ లేఖను పొందినవాడు దక్షిణదేశపు శాతవాహనరాజనియు, భారతదేశమున విద్యార్థులు దీనిని చదువు మొదలుపెట్టిన కాలముననే కంఠస్థము చేయుదురనియు నాతడు వ్రాసియున్నాడు. శతకపద్యములు వల్లెవేయు తెలుగుబాలురవలె నాటి బాలు రీ లేఖను వల్లెవేసిరన్నమాట. నాగార్జునకొండలోని యిక్ష్వాకు శాసనములలో నీ యాచార్యుని పేరు లేదు. కొండపేరునుబట్టి సంబంధము కల్పింపరాదు. శాతవాహనరాజు పేరుతో వచ్చిన సంప్రదాయమే యిచట ప్రమాణము.

లేఖను పొందినవాడు రాజు. భార్యాపుత్రులును రాజ్యభారమును గలవాడు. అట్టివానికి నాగార్జునుడు దానశీలములతో సరిపెట్టలేదు. ఆహారమును రుచికొఱకును బలగర్వముకొఱకును గాక దేహము నిలుచుటకు ఔషధమువలె గ్రహింపవలసినదని చెప్పెను. పగలును, రాత్రి మొదటి కడపటి జాములును వ్యర్థపుచ్చక, నడిమిజామున నిద్రించునపుడు గూడ స్మృతితో నిద్రింపుమనెను. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను భావింపుమనెను. కాయగతస్మృతియే సుగతులు నడచిన యొక్కటే మార్గమనియు, స్మృతి తప్పినచో ధర్మములన్నియు తప్పుననియు హెచ్చరించెను. ఇది యరణ్యవాసికి వ్రాసిన జాబు గాదు.

నాగార్జునునిదే యగు 'రత్నావళి' యైదు పరిచ్ఛేదముల గ్రంథము. ఇదియు రాజును సంబోధించియే సాగును. దీని సంస్కృతమూలమున కొన్ని భాగములను టుచ్చి పండితుడు 1934లోను 1936లోను ప్రకటించెను. మిగిలినది టిబెట్టు, చీనా పరివర్తనములవలన తెలియుచున్నది. ఇందు కరుణ పెద్దమాటలుగా గాక, చిన్నవస్తువుల పట్టికగా గానవచ్చుట గమనింపదగినది. నీరులేని త్రోవలలో నీటితొట్లు; సత్రములలో చెప్పులు, గొడుగులు, నీటి వడపోతగుడ్డలు, ముల్లు తీయు పట్టుకార్లు, సూదులు, దారము, విసనకఱ్ఱలు; త్రిఫలములు, నేయి, తేనె, కంటిమందులు. చీమలపుట్టల నోళ్లయొద్ద ఆహారమును నీరును చక్కెరయు. కాటకము వచ్చినచో విత్తనములు, పన్నుల తగ్గింపు. చెఱసాలలోని వారిని విడిపించువఱకు వారికి మంగలిని, స్నానమును, అన్నపానములను, ఔషధమును, వస్త్రమును కల్పింపుమనెను. దండింపవలసివచ్చినపుడు చెడునడత గల కొడుకును దండించు తండ్రివలె, దిద్దుబాటు కోరి దండింపుమనెను గాని ద్వేషముతో గాదు. హంతకులను గూడ చంపక, బాధింపక దేశమునుండి వెడలగొట్టుట చాలుననెను.

సత్రము కట్టించుమని చెప్పుట సులభము. ఆ సత్రమున ముల్లు తీయు పట్టుకారు నుంచుమని చెప్పినవాడు బాటసారి పాదమును చూచినవాడు. చెఱసాలకు మంగలి కావలయునని తోచుటకు ఖైదీ మొగమును మనస్సు పెట్టి చూచియుండవలయును. ఇచటనే స్మృతియు కరుణయు నొకటిగా గలసినవి. స్మృతి లేని కరుణ సంఖ్యగా మిగులును. ఆ సంఖ్య 84,000 అయినను కావచ్చును. ఎదుటివానికి కావలసినదేదో జాఱవిడువక కనిపెట్టిన కరుణ సూదియు దారమునై సత్రపు గోడకు వ్రేలాడును. వేలాముని దానమునకును రత్నావళిలోని పట్టికకును గల భేద మిదియే.

మఱల విజయపురికి వచ్చినచో, వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను నుపాసిక వేయించిన శాసన మీ విషయమున మిక్కిలి విలువైనది. ఈమె రాజకుటుంబమువారు కాదు. చుళధమ్మగిరియందు తామ్రపర్ణీయులైన, అనగా సింహళదేశపు, ఆచార్యులకొఱకు చైత్యగృహమును కట్టించి, తా నితరస్థలములలో చేసిన పనులను గూడ నందు చెక్కించెను. ఒకచోట బోధివృక్షప్రాసాదము, ఒకచోట మండపస్తంభము, ఇంకొకచోట భిక్షువులకు గదులు, పూర్వశైలమున తటాకము, కంటకసేలయందు మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము. ఈ పట్టికలో దేవగిరియందు కట్టించిన 'పధానసాల' యొకటి.

పధాన మనగా సంస్కృతమున ప్రధానము. తెలుగున నీ శబ్దమునకు ముఖ్యమైనదని యర్థము స్థిరపడినది గాని, బౌద్ధపరిభాషలో ప్రధానము ప్రయత్నము, సాధనయం దుద్యమము. బోధిపక్ష్యధర్మములు ముప్పదియేడింటిలో మొదట నాలుగు స్మృత్యుపస్థానములు, వాని వెంటనే నాలుగు సమ్యక్ప్రధానములు గలవు. కావున పధానసాల యనగా భిక్షువులు మనోభ్యాసము చేయు శాల. దానిని కట్టించినది గృహిణి. పెట్టువారి లోకమును ధ్యానించువారి లోకమును వేఱువేఱని చెప్పినచో, ఈ శాల యే లోకమున నున్నదో చెప్పుట కష్టము. బోధిసిరి యందు కూర్చుండి యభ్యసించెనని శాసనము చెప్పదు. చెప్పనిదానిని చెప్పించుట చరిత్రకారునకు తగదు. కాని తటాకమునకు నీరెంత యవసరమో, శాలకు స్మృత్యభ్యాసమంత యవసరమని యీమె యెఱిగియే యుండవలయును. ఒకే పట్టికలో నొకే విధముగా రెంటిని చెక్కించినది.

పై యాధారములనుబట్టి నిర్ణయింపదగిన దింతమాత్రము. క్రీ. శ. 3వ శతాబ్దికి కృష్ణాతీరమున బౌద్ధగృహస్థుల ధర్మము లెక్కపెట్టిన దానముగా మాత్రము బోధింపబడలేదు. రాజునకు వ్రాసిన లేఖ నిద్రాహారములందు స్మృతిని విధించినది. రాజునకు చెప్పిన నీతి చిన్నవస్తువులవఱకు కరుణను దింపినది. సూత్రములు ధారణచేసిన భిక్షువు చైత్యమును కట్టించెను. గృహిణి సాధనశాలను కట్టించెను. చాంతిసిరి దానమునకు పెట్టిన పేరులోనే యా దానమునకు మీదిమెట్టు లున్నవను సంగతి యిమిడియున్నది. ఈమె యా మెట్టు లెక్కెనో లేదో శిల చెప్పజాలదు. తన స్తంభమును స్వకుటుంబము రెంటి క్షేమముకొఱకే గాక, తన నిర్వాణమునకును సర్వలోకహితసుఖములకును నిలిపితినని మాత్రము చెక్కించెను.

1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి 1967 నాటి కానకట్ట పూర్తికాగా లోయ మునిగిపోయెను. అంతకుముందే త్రవ్వకములు జరిపి, ముఖ్యకట్టడములను కొన్నింటిని కొండమీదికిని అనుపునకును తరలించి నిలిపిరి. 1966లో కొండమీద వస్తుప్రదర్శనశాల వెలసినది. నేడా కొండ ద్వీపము. చాంతిసిరి కాలమున విహారములు నిండిన నేలమీద నిపుడు నీరు నిలిచియున్నది. సంస్కారము లనిత్యములను మాటకు వేఱు దృష్టాంత మక్కఱలేదు. శాసనపాఠము చెప్పు పండితులు 'వేలామిక' పదమునొద్దకు వచ్చినపుడు మహాదానమని యొక్కమాటతో విడువక, జేతవనమున నూకలగంజిని గుఱించి జరిగిన సంభాషణమును గూడ విద్యార్థులకు చెప్పుదురేని ఆ పదమున కర్థము పూర్తియగును.